కక్కించే ముందు కనుక్కోండి

మామిడిపళ్ల కాలం రాగానే నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. కుక్క టెంక మింగినా, గుడ్డపేలిక మింగినా, ఎలుకల మందు తిన్నా ఒకటే వైద్యం: గ్లాసు నీళ్లలో గుప్పెడు ఉప్పు కలిపి నోట్లో పోసేస్తే అయిదు నిమిషాల్లో కక్కేస్తుందని, ఆస్పత్రి ఖర్చు మిగులుతుందని. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. చదివినవాళ్లు ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకుంటారు. అట్లా దాచుకున్న సలహా సరిగ్గా భయంలో ఉన్నప్పుడే గుర్తొస్తుంది. మింగిన వస్తువు చెయ్యని హాని కూడా ఆ గ్లాసుడు నీళ్లు చెయ్యగలవు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కుక్క తినకూడనిది మింగిందని తెలిసిన మొదటి పది నిమిషాలు దాన్ని బయటికి రప్పించడానికి వాడకండి. ఏం మింగింది, ఎంత మింగింది, ఎప్పుడు మింగింది, కుక్క బరువెంత అనే నాలుగు సంగతులు తేల్చుకోవడానికి వాడండి. తేలగానే డాక్టరుకి ఫోను చెయ్యండి. కక్కించాలా వద్దా అనే నిర్ణయం ఆ నాలుగింటి మీద ఆధారపడుతుంది గానీ మన ఆత్రం మీద కాదు.

దీనికి ముందు చూసుకోవాల్సింది ఒకటే, ఊపిరి. కుక్క గట్టిగా దగ్గుతోందంటే గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. శబ్దం రాకుండా నోరు తెరుచుకుని, ముందుకాళ్లతో మూతి గోక్కుంటూ, నాలుక నీలంగా మారుతుంటే వస్తువు ఊపిరి దారికి అడ్డం పడింది. నోరు తెరిచి చూడండి. కంటికి కనిపిస్తే వేలితో పక్కనుంచి కొక్కెంలా లాగండి. కనిపించకపోతే గుడ్డిగా వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కనైతే తల కిందికి వచ్చేట్టు పట్టుకోండి. పెద్ద కుక్కనైతే వెనకనుంచి పట్టుకుని, చివరి పక్కటెముకల వెనక పిడికిలి ఆనించి ముందుకీ పైకీ అయిదుసార్లు విసురుగా నొక్కి, మళ్లీ నోట్లో చూడండి. డాక్టరు కోసం ఎదురుచూడకుండా ఇంట్లో చెయ్యాల్సిన పని ఇదొక్కటే.

ఉప్పు లెక్క

కేజీ బరువుకి 2, 3 గ్రాముల ఉప్పు పడితే కుక్కలో విషలక్షణాలు మొదలవుతాయి. 4 గ్రాముల దగ్గర ప్రాణానికే ముప్పు. పెద్ద చెంచా నిండా ఉప్పు 17, 18 గ్రాములుంటుంది. అంటే 8 కేజీల పొమరేనియన్‌కి రెండు పెద్ద చెంచాలు పోస్తే ఆ గీత దాటేసినట్టే. కక్కేస్తే ఉప్పు కూడా బయటికొస్తుంది గదా అంటారు. అన్ని కుక్కలూ కక్కవు. మొదటి గ్లాసుకి కక్కకపోతే రెండో గ్లాసు కలుపుతారు. కక్కని కుక్క రెండు గ్లాసుల ఉప్పునీ పొట్టలోనే ఉంచుకుంటుంది. రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల్లోని నీళ్లని లాగేస్తుంది. తూలడం, వణుకు, ఫిట్స్ వస్తాయి. సాక్సు మింగినందుకు తీసుకొచ్చిన కుక్కకి డాక్టరు ముందు ఉప్పు విషానికి వైద్యం చెయ్యాల్సి వస్తుంది.

గొంతులో వేలు పెట్టి తిప్పడం కూడా అంతే. మనుషుల్లాగా కుక్క దానికి కక్కదు. మీ వేలు తెగుతుంది, దాని గొంతు గీరుకుపోతుంది.

ఇక ఇంటర్నెట్‌లో కనిపించే హైడ్రోజన్ పెరాక్సైడ్. విదేశాల్లో డాక్టర్లు ఫోనులో చెప్పి చేయించే పద్ధతి ఇది. 3 శాతం ద్రావణం, కేజీకి 1, 2 మిల్లీలీటర్లు, ఎంత పెద్ద కుక్కకైనా మొత్తం 45 మిల్లీలీటర్లు దాటకూడదు. నెల్లూరు పొగతోటలో ఏ మందుల షాపుకి వెళ్లి అడిగినా పుండ్లు కడిగే పెరాక్సైడ్ ఇస్తారు, కానీ మన దగ్గర మామూలుగా దొరికేది 6 శాతం. సీసా మీద చదవకుండా అక్కడి కొలత ఇక్కడి మందుకి వాడితే రెట్టింపు ఘాటు పోసినట్టవుతుంది. సరైన 3 శాతమే పోసినా పొట్ట లోపలి పొర పుండవుతుంది, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. డాక్టరు లైనులో ఉండి, మీ చేతిలో సీసా మీద ఏం రాసుందో విని, పొయ్యమంటే పొయ్యండి. మీ అంతట మీరు పొయ్యొద్దు.

అట్లాగని కక్కించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఇక్కడే నా వాదనకి అసలు చిక్కు. మెత్తగా, నున్నగా, చిన్నగా ఉండే వస్తువు, అంటే పిల్లల సాక్సో, చేతిరుమాలో, మింగి సుమారు రెండు గంటల లోపైతే, క్లినిక్కులో ఇంజెక్షనిచ్చి కక్కించడాన్ని మించిన వైద్యం లేదు. ఆపరేషన్ తప్పిపోతుంది. రెండు గంటలు దాటేకొద్దీ వస్తువు పేగులోకి జారే అవకాశం పెరుగుతుంది, జారాక ఎంత కక్కించినా రాదు. మరి పది నిమిషాలు కనుక్కోవడానికి వాడమనడం ఆలస్యం చెయ్యమనడం కాదా అని అడగొచ్చు. రెండు గంటల్లో పది నిమిషాలు పోతే ఏమీ కాదు. ఉప్పు కలిపి, కక్కుతుందేమోనని చూసి, మళ్లీ కలిపి, చుట్టుపక్కలవాళ్లని అడిగి, చివరికి ఆటో ఎక్కేసరికి గడిచిపోయే గంటన్నరే అసలైన ఆలస్యం.

నాలుగు ప్రశ్నలు

ఏం మింగిందో తెలియాలంటే నేల మీద చూడాలి. చెప్పు కొరికితే ముక్కలన్నీ ఏరి, రెండో చెప్పు పక్కన పేర్చండి. ఏ భాగం తగ్గిందో అప్పుడు తెలుస్తుంది. బొమ్మైనా, దుప్పటైనా అంతే. తగ్గిన భాగం పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటో తియ్యండి, డాక్టరుకి సైజు తెలుస్తుంది. ప్యాకెట్టైతే చించేసినా సరే వెంట తీసుకెళ్లండి. మందుల అట్టైతే ఎన్ని మాత్రలు తగ్గాయో లెక్కపెట్టండి.

ఎప్పుడన్నదానికి, ఆ వస్తువుని చివరిసారి ఎవరు ఎక్కడ చూశారో ఇంట్లో అందరినీ అడగండి. చూసిన సమయానికీ కనపడకుండా పోయిన సమయానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటే అంతా మింగిన సమయంగానే లెక్కేసుకోవాలి. బరువుకి, కుక్కని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి, తీసెయ్యండి. మందు మోతాదు, మత్తు మోతాదు అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి.

పిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట. తిడతారన్న భయంతో పిల్లలు నిజం దాస్తారు. ముందు తిట్టబోమని చెప్పి అడగండి.

పొరపాటున కూడా కక్కించకూడనివి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గాలం మొదటిది. జువ్వలదిన్నె, కొత్తపట్నం, మైపాడు దారిలో ఎర గుచ్చిన గాలాలు ఒడ్డునే పడుంటాయి, చేప వాసనకి కుక్క మింగేస్తుంది. నోట్లోంచి నైలాన్ తీగ వేలాడుతుంటే చెయ్యి ఆగదు, లాగేస్తాం. లాగితే గాలం ముల్లు అన్ననాళం గోడలో దిగిపోతుంది. తీగ లాగొద్దు, నోటి దగ్గరికి కత్తిరించొద్దు. బారెడు వదిలి, కొసని మెడపట్టీకి కట్టి, కుక్క మిగతాది నమిలి మింగకుండా చూస్తూ తీసుకెళ్లండి. గాలం ఎక్కడుందో వెతకడానికి డాక్టరుకి ఆ తీగే దారి.

దారం అంతకన్నా నమ్మకద్రోహి. సూదీ దారం, పూలదండ దారం, పండక్కి ఎగరేసిన గాలిపటం దారం. ఒక కొస నాలుక కిందో, పొట్ట చివరి ద్వారం దగ్గరో చిక్కుకుంటుంది, రెండో కొసని పేగు ముందుకి లాక్కుపోతుంది. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చిళ్లుగా ముడుచుకుంటుందే, పేగు అట్లా దారం మీదికి ముడుచుకుంటుంది. ఆ ముడతల లోపలి అంచుల్ని దారం రంపంలా కోస్తుంది. అందుకే దారం మింగిందన్న అనుమానం ఉంటే నాలుక ఎత్తి కింద చూడాలి. మలద్వారం దగ్గర దారం కనిపించినా లాగకూడదు. లోపల ఎంత పొడుగుందో, ఎక్కడ పట్టుకుందో తెలియదు.

బటన్ బ్యాటరీ విషయంలో గంటలు కూడా లేవు. రిమోట్ తాళాల్లో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే ఆ బిళ్ల తడి తగిలిన చోట కరెంటు పారించి కండని కాల్చేస్తుంది. అన్ననాళంలో ఆగితే పావుగంట, అరగంటలోనే కాలడం మొదలవుతుంది. కక్కిస్తే ఇంకోచోట ఆగుతుంది. తాంబూలం సున్నం, బాత్రూం కడిగే యాసిడ్ లోపలికి పోయేటప్పుడు ఒకసారి కాలుస్తాయి, కక్కిస్తే రెండోసారి కాలుస్తాయి. కిరోసిన్, పెట్రోలు కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కల్ని, తూలుతున్నవాటిని, ఫిట్స్ వస్తున్నవాటిని కక్కించకూడదు.

ఎలుకల మందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియాలి. పొలాల గట్ల మీద పెట్టే నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్. అది పొట్టలోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుట్టిస్తుంది. అన్నం పెడితే ఆమ్లం ఊరి వాయువు ఎక్కువవుతుంది. విరుగుడని పాలు పొయ్యడం, పెరుగన్నం పెట్టడం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని. ఆ కుక్క కారులో కక్కితే ఆ వాయువు మీకూ ప్రమాదమే, అద్దాలు దించుకుని వెళ్లండి. ఇళ్లలో పెట్టే రంగు బిళ్లలు బ్రోమాడియోలోన్ రకం. అవి తిన్న కుక్క మూడు నుంచి అయిదు రోజులు హుషారుగానే ఉండి తర్వాత లోపల రక్తస్రావంతో పడిపోతుంది. బాగానే ఉంది గదా అని వదిలేసేది ఈ రకానికే. దీనికి విటమిన్ కె1 అనే విరుగుడుంది, కానీ వారాల తరబడి వెయ్యాలి, మధ్యలో ఆపకూడదు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పెరిగే కుక్కపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆకు నమిలితే గంట లోపే చొంగ, వాంతి, వణుకు మొదలవుతాయి. పెద్ద కుక్క కక్కేసి తేరుకునే మోతాదు రెండు కేజీల పిల్లని చంపుతుంది.

టెంక కథ

సలహా మొదలైందే టెంకతో కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. రసాలు పిండుకుని పారేసిన టెంక తీపిగా, జారుడుగా ఉంటుంది. కుక్క నాకుతున్నట్టే కనిపిస్తుంది, మనం దగ్గరికెళ్లి లాక్కోబోయేసరికి గుటుక్కున మింగేస్తుంది. నిజానికి చాలా టెంకలు మన చెయ్యి చూసిన కంగారులోనే లోపలికి పోతాయి. లాక్కోవడానికి పరిగెత్తకుండా, కాస్త దూరంనుంచి చికెన్ ముక్క చూపించి మార్చుకోవడం మేలు.

పొట్టలో ఆమ్లానికి టెంక కరగదు. పేగులోకి వెళ్లే ద్వారం కన్నా పెద్దదైతే పొట్టలోనే తిరుగుతూ ఉంటుంది, రోజులు కాదు, ఒక్కోసారి వారాల తరబడి. కుక్క నాలుగు రోజులకోసారి కక్కుతుంది, మళ్లీ మామూలుగా తింటుంది. వేడి చేసిందని మజ్జిగ పోస్తారు. ఏదో ఒక రోజు టెంక వాలుగా తిరిగి పేగులోకి జారుతుంది, అక్కడ బిగుసుకుంటుంది. అప్పటికి మామిడిపళ్ల కాలమే అయిపోయి ఉంటుంది. డాక్టరు ఏమైనా మింగిందా అంటే ఇంట్లో ఎవరికీ ఏమీ గుర్తుండదు. అందుకే మింగిన రోజే, కుక్క హుషారుగా ఉన్నా సరే, తేదీ రాసిపెట్టుకుని డాక్టరుకి చెప్పాలి. కక్కించొచ్చా, తిరిగొచ్చేటప్పుడు అన్ననాళంలో ఇరుక్కుంటుందా అన్నది కుక్క సైజూ టెంక సైజూ చూసి ఆయన చెప్పాల్సిన మాట.

టెంక ఎక్స్‌రేలో స్పష్టంగా కనపడదు. గుడ్డ, ప్లాస్టిక్, చెక్క కూడా అంతే. మైపాడు బీచిలో గింజలు తినేసి పారేసే మొక్కజొన్న కండె మరీ మోసం. లోహం, రాయి, ఎముక మాత్రం బాగా కనిపిస్తాయి. కాబట్టి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని ఊపిరి పీల్చుకోవద్దు. పేగులో గాలి ఎక్కడ ఉబ్బి ఆగిందో చూసి అనుమానించాలి, అల్ట్రాసౌండ్ చెయ్యాలి. కండె మింగింది అని మీరు చెబితేనే డాక్టరు ఆ దిశగా చూస్తారు. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం.

మా ఊరి కుక్కలు ఏం తిన్నా బతకడంలా?

ఈ మాట తీసిపారేసేది కాదు. వీధి కుక్కలు కవర్లతో సహా కూర మింగుతాయి, చేపల తలలు, కోడి ఎముకలు నములుతాయి, మర్నాడు తోకాడిస్తూ వస్తాయి. కోడి ఎముక పొట్టదాకా చేరిందంటే మామూలుగా ఆమ్లానికి మెత్తబడి ఒకట్రెండు రోజుల్లో కరిగిపోతుంది. చిన్న నున్నటి వస్తువులు చాలావరకు వాటంతటవే మలంలో వచ్చేస్తాయి. ప్రతిదానికీ మద్రాసు పరిగెత్తమని నేను చెప్పను.

కానీ ఆ లెక్కలో ఒక లోపం ఉంది. రాని కుక్కని ఎవరూ లెక్కపెట్టరు. నాలుగు రోజులు కనపడని వీధి కుక్క ఎటో పోయిందనుకుంటాం. ఏ డ్రైనేజీ పక్కనో ముడుచుకు పడుకుని, తాగిన నీళ్లు కూడా కక్కుతూ పోయిందని మనకి తెలియదు. బతికినవే కళ్లముందు తిరుగుతాయి, వాటినే సాక్ష్యంగా చూపిస్తాం.

ఇంకో పెద్దల వైద్యం, అన్నం ముద్దో అరటిపండో పెడితే వస్తువు చుట్టుకుని వచ్చేస్తుందని. మనకి చేపముల్లు గుచ్చుకుంటే చేసేదే. చిన్న గాజుపెంకు లాంటివి మింగినప్పుడు కొందరు పశువైద్యులు కూడా మెత్తటి తిండి పెట్టమంటారు, కాబట్టి పూర్తిగా తప్పనలేను. అయితే మత్తివ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. డాక్టరుని అడక్కుండా ముద్దలు పెడితే చెయ్యాల్సిన ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దింపి వస్తువుని తీసే పని, ఆలస్యమవుతుంది. ఆముదం విషయంలో మాత్రం సందేహం లేదు, వద్దు. అడ్డుపడ్డ పేగుని బలవంతంగా పిండితే చిల్లి పడుతుంది.

దూరం లెక్క

పెద్ద నగరాల వాళ్లు రాసిన సలహాల్లో వేచి చూడండి, లక్షణాలు కనిపిస్తే తీసుకెళ్లండి అని ఉంటుంది. రాత్రి రెండింటికి కూడా తలుపు తెరిచే ఆస్పత్రి పది నిమిషాల దూరంలో ఉన్నవాళ్లకి అది సరిపోతుంది. ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఉన్నవాళ్లకి సరిపోదు. నెల్లూరునుంచి తిరుపతి పశువైద్య కళాశాల సుమారు 135 కిలోమీటర్లు, మద్రాసు వేపేరిలోని పశువైద్య కళాశాల సుమారు 175. ఒంగోలు వాళ్లకి విజయవాడ దాటి గన్నవరంలోని పశువైద్య కళాశాల. ఉదయగిరి, కనిగిరి నుంచి బయల్దేరేవాళ్లు దీనికి ముందు ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి.

అందుకని మన దగ్గర గడియారం ఇంకోలా చదవాలి. సాయంత్రం నాలుగింటికి అనుమానం వస్తే, రాత్రికి ముదిరితే ఏం చేస్తామన్న ప్రశ్న నాలుగింటికే వేసుకోవాలి. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలైనా, ప్రైవేటు డాక్టరైనా, చూపించి ఎక్స్‌రే తీయించి, ఇక్కడే అయ్యే పనా, పైకి పంపాల్సిందా అని సూటిగా అడగండి. పంపాల్సిందైతే చీకటి పడకముందే బయల్దేరండి, బయల్దేరేముందు అక్కడికి ఫోను చేసి ఎండోస్కోపీ ఉందా, చేసే డాక్టరు ఆ వేళకి ఉంటారా అని కనుక్కోండి. 1962కి ఫోను చేస్తే వచ్చే పశువైద్య వాహనంలో ఎండోస్కోపీ ఉండదు, దాని కోసం ఎదురుచూసి పొద్దు పోగొట్టుకోవద్దు.

అన్ననాళంలో ఇరుక్కుందని అనుమానం ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. ఆగకుండా చొంగ, పదేపదే గుటకలు, నీళ్లు తాగిన క్షణంలోనే తిరిగి బయటికి రావడం దాని గుర్తులు. ఆదివారం మటన్ ఎముక ఎక్కువగా గుండె దగ్గరో, పొట్టకి కాస్త పైనో ఆగుతుంది. ఆగినచోట గోడని నొక్కి నొక్కి కుళ్లబెడుతుంది. మూలుగ ఎముక గాజులా కింది దవడకి ఎక్కేస్తే ప్రాణభయం లేదు గానీ, లాగి తియ్యలేం, కత్తిరించాల్సిందే.

ఆగి చూడమన్నప్పుడు

డాక్టరే చూసి ఆగమంటే ఆగడం కూడా ఒక పనే. మూడు రోజుల మలం కవరులోకి ఎత్తి, పైనుంచి వేళ్లతో నలిపి చూడండి. వస్తువు వచ్చిందా, పూర్తిగా వచ్చిందా? తిండి కొంచెం కొంచెంగా, మెత్తగా. పొద్దునా సాయంత్రం చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు 2 సెకన్లలో మళ్లీ రంగు తేరాలి. మలద్వారంలో థర్మామీటరు పెడితే 102.5 ఫారెన్‌హీట్ దాటకూడదు. లోహపు వస్తువైతే చెప్పిన రోజుకి మళ్లీ ఎక్స్‌రే తీయించండి. ఉన్నచోటే ఉంటే ఇక దానంతటది కదలదని అర్థం. గాల్వనైజ్డ్ నట్లు, బోల్టులైతే ఇంత నిదానం కూడా పనికిరాదు. వాటి పూతలోని జింకు కరిగి రక్తకణాల్ని విరిచేస్తుంది.

పదేపదే వాంతి, నీళ్లు కూడా నిలవకపోవడం, ముందుకాళ్లు నేలకి వంచి వెనకభాగం ఎత్తి పెట్టడం, పొట్ట ముట్టుకుంటే బిగబట్టడం, ఇవి కనిపిస్తే ఆగడం ఆపెయ్యాలి. దొడ్డికి వెళ్తోంది గదా అని సరిపెట్టుకోవద్దు. అడ్డానికి కింద ముందే ఉన్న మలం ఒకట్రెండు రోజులు వస్తూనే ఉంటుంది. వాంతులు ఆపే మాత్ర మీ అంతట మీరు వెయ్యొద్దు, మనకి తెలిసే ఒకే ఒక్క గుర్తుని అది దాచేస్తుంది. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టనీ కిడ్నీలనీ పాడుచేస్తాయి.

ఆపరేషనే అయితే, ఇంటికి తెచ్చాక మూడోరోజునుంచి అయిదోరోజుదాకా కన్ను వెయ్యాలి. పేగుకి వేసిన కుట్లు ఊడి లీకయ్యేది ఎక్కువగా అప్పుడే. రెండోరోజు లేచి తిన్న కుక్క నాలుగోరోజు తిండి వాసన చూసి మొహం తిప్పుకుంటే, జ్వరం ఉన్నా లేకపోయినా, అదే పూట కోసిన డాక్టరుకి ఫోను చెయ్యండి.